మాట నేర్చిన మనిషి: స్పెయిన్ ప్రధాని ఆంతోనియో మౌరా



సరిహద్దు ఊళ్లలో పుట్టి పెరిగిన మనలో చాలామందికి ఒక అనుభవం ఉమ్మడిగా ఉంటుంది. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష. నా మట్టుకు నాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఒకటో తరగతిలో చేరిన కొత్తలో ఒకరోజు పంతులుగారు, పొద్దున ఏం తాగి వచ్చావని అడిగారు. కన్నడంలో పాలను 'హాలు' అంటారు. ఆ మాట నాకు నోరు తిరగలేదు. 'పాలు కుడిదె' అన్నాను. కన్నడంలో పాలు అంటే వాటా. వీడు పొద్దున్నే వాటా తాగి వచ్చాడని తరగతి అంతా ఒకటే నవ్వు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇవాళ నా తరగతిలో ఏ పిల్లవాడైనా మాట తప్పు పలికితే, మిగిలినవాళ్లు నవ్వబోయే ముందే నేను వాళ్ల వైపు ఒకసారి చూస్తాను.

ఇలాంటి నవ్వే నూట యాభై ఏళ్లకు పూర్వం స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఒక కుర్రవాడికి ఎదురైంది. ఆ కుర్రవాడు తరువాత ఆ దేశంలో పేరు మోసిన న్యాయవాది అయ్యాడు. ఐదుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు. ఏ భాష సరిగా రాదని తోటివాళ్లు నవ్వారో, ఆ భాషకు నిఘంటువు తయారుచేసే రాజ అకాడమీకి పన్నెండేళ్లు అధ్యక్షుడుగా ఉన్నాడు. ఆయన పేరు ఆంతోనియో మౌరా. ఈనాటి ప్రసంగంలో ఆయన కథ చెప్పుకుందాం. ఇంత గొప్పగా మాట నేర్చిన మనిషి, ఒకానొక వేసవిలో తన దేశ ప్రజల మాట వినలేకపోయాడు. ఆ ఒక్క వేసవి ఆయన జీవితాన్నే కాక స్పెయిన్ చరిత్రను కూడా మలుపు తిప్పింది.

మధ్యధరా సముద్రంలో స్పెయిన్‌కు తూర్పున మయోర్కా అనే దీవి ఉంది. దాని ముఖ్యపట్టణం పాల్మా. మౌరా 1853 మే 2వ తేదీన అక్కడ పుట్టాడు. తండ్రికి చిన్న తోళ్ల కార్ఖానా. పదిమంది సంతానంలో ఆంతోనియో ఏడవవాడు. ఆ దీవిలో ఇళ్లలో మాట్లాడేది మయోర్కీ. అది కటలాన్ భాషకు ఒక మాండలికం. మనం స్పానిష్ అని పిలిచే భాషను అక్కడివారు కస్తిలియన్ అంటారు. అది కస్తీల్ ప్రాంతపు భాష, రాజధాని భాష, కచేరీల భాష. కటలాన్, కస్తిలియన్ రెండూ లాటిన్ నుంచి పుట్టినవే. మన తెలుగు, కన్నడాల మాదిరిగా దగ్గరి చుట్టాలే. దగ్గరి చుట్టాల మధ్యనే కదా పొరపాట్లు ఎక్కువ జరిగేది!

1866లో తండ్రి చనిపోయాడు. 1868లో, పదిహేనేళ్ల వయసులో, మౌరా చదువు కోసం మాడ్రిడ్ చేరాడు. ఆ సెప్టెంబరులోనే అక్కడ విప్లవం వచ్చి రాణి ఇసబెల్లా దేశం విడిచి పారిపోయింది. వీధుల్లో కేకలు, జెండాలు, ఊరేగింపులు. దీవి నుంచి వచ్చిన కుర్రవాడికి రాజధానితో మొదటి పరిచయం అది. రెండవ పరిచయం న్యాయ కళాశాలలో. అతని కస్తిలియన్ విని సహాధ్యాయులు పగలబడి నవ్వారని జీవిత చరిత్రకారులు రాశారు. ఆ నవ్విన గుంపులో చేరకుండా స్నేహం చేసినవాళ్లు గమాసో కుటుంబానికి చెందిన అన్నదమ్ములు. వాళ్లది కస్తీల్ ప్రాంతం. మౌరా వాళ్ల దగ్గర మాట దిద్దుకున్నాడు. వాళ్ల పెద్దన్న హెర్మాన్ గమాసో అప్పటికే పేరున్న న్యాయవాది. 1871లో పట్టా పుచ్చుకున్న మౌరా ఆయన కార్యాలయంలోనే చేరాడు. 1878లో ఆ ఇంటి ఆడపడుచు కొన్‌స్తాన్సియాను పెళ్లి చేసుకున్నాడు.

న్యాయవాద వృత్తి అతనికి రెండు విషయాలు నేర్పింది. ఒకటి, మాటను తూచి వాడడం. రెండు, చట్టం మీద నమ్మకం. దేశంలో ఏ రోగానికైనా సరైన చట్టమే మందు అని అతను జీవితాంతం నమ్మాడు. అతని బలమూ బలహీనతా ఆ నమ్మకంలోనే ఉన్నాయి. శ్రోతలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కథ చివర దీనితో పని పడుతుంది.

1881లో మౌరా పాల్మా నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. అప్పటి నుంచి 1923లో పార్లమెంటు మూతపడే వరకు, నలభై రెండేళ్లు, తన సొంత దీవికే ప్రతినిధి. భాష మారింది గాని ఊరు మారలేదు.

ఇక్కడ ఆ కాలపు స్పెయిన్ రాజకీయాల గురించి రెండు మాటలు చెప్పాలి. 1875 తరువాత స్పెయిన్‌లో రెండు పార్టీలు వంతులవారీగా పాలించేవి. ఒకటి కన్సర్వేటివ్ పార్టీ. రాజు, చర్చి, ఆస్తి హక్కు కాపాడాలనే సంప్రదాయ పక్షం అది. రెండోది లిబరల్ పార్టీ. మన దగ్గర ఎన్నికలు జరిగి ప్రభుత్వం ఏర్పడుతుంది. అక్కడ తిరగేసి జరిగేది. ముందు రాజు ఒక పార్టీ నాయకుణ్ణి ప్రధానిగా నియమిస్తాడు. తరువాత హోంమంత్రి కూర్చుని, ఏ నియోజకవర్గం ఎవరికో పేర్లు నింపుతాడు. ఆ పట్టిక జిల్లా గవర్నర్లకు వెళుతుంది. గవర్నరు నుంచి ఊరి పెత్తందారుకు వెళుతుంది. ఊరి పెత్తందారును అక్కడ కసీకే అంటారు. ఉద్యోగం కావాలన్నా, కోర్టు వ్యవహారం తేలాలన్నా, కొడుకును సైన్యం నుంచి తప్పించాలన్నా అతని గుమ్మం తొక్కాల్సిందే. ఓట్లు అతని చేతిలో. 1890లో మగవారందరికీ ఓటు హక్కు వచ్చింది. అయినా ప్రభుత్వం ఒక్క ఎన్నికలోనూ ఓడిపోలేదు! పల్లెల్లో పెత్తందార్ల రాజ్యం చూసిన మన పెద్దలకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు.

మౌరా మొదట లిబరల్ పార్టీలో ఉన్నాడు. 1892 డిసెంబరులో, ముప్ఫై తొమ్మిదేళ్ల వయసులో, సముద్రాంతర వలసల మంత్రి అయ్యాడు. అప్పటికి స్పెయిన్ చేతిలో మిగిలిన వలసల్లో ముఖ్యమైనవి క్యూబా, పోర్టోరికో, ఫిలిప్పీన్స్. క్యూబాలో అసంతృప్తి రగులుతోంది. ఫిలిప్పీన్స్ పట్టణాలకు స్థానిక పాలన ఇస్తూ 1893 మేలో మౌరా ఒక శాసనం తెచ్చాడు. ఫిలిప్పీన్స్ చరిత్రలో దానికి ఇప్పటికీ మౌరా చట్టమనే పేరు. తరువాతి నెలలో క్యూబాకు సంస్కరణల బిల్లు పెట్టాడు. దీవి మొత్తానికి కలిపి ఒకే ప్రజాప్రతినిధుల మండలి ఉండాలని, స్థానిక వ్యవహారాలు అది చూసుకోవాలని అందులో ప్రతిపాదన. తానూ దీవిలో పుట్టినవాడు కనుక, దూరాన కూర్చుని పాలించే రాజధాని ఎలా ఉంటుందో అతనికి తెలుసు. కాని పార్లమెంటు మండిపడింది. ఇది దేశ విచ్ఛిత్తి అన్నారు. సొంత పార్టీ వాళ్లే చేయి వదిలేశారు. 1894 మార్చిలో మౌరా మంత్రి పదవి వదులుకున్నాడు.

ఏడాది తిరగకముందే, 1895 ఫిబ్రవరిలో, క్యూబాలో తిరుగుబాటు మొదలైంది. 1897 నవంబరులో మాడ్రిడ్ స్వయంపాలన ఇచ్చింది. అప్పటికి చేయి దాటిపోయింది. 1898లో అమెరికాతో యుద్ధం వచ్చింది. నాలుగు నెలల్లో స్పెయిన్ నౌకాదళం రెండు సముద్రాల్లోనూ మునిగింది. ఆ డిసెంబరులో పారిస్‌లో జరిగిన సంధితో క్యూబా, పోర్టోరికో, ఫిలిప్పీన్స్, గువామ్ చేజారాయి. నాలుగు వందల ఏళ్ల సామ్రాజ్యం ముగిసింది. మౌరా మాట 1893లో విని ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. కాని అడిగినప్పుడు కొంచెం ఇవ్వనివాడు తరువాత మొత్తం ఇచ్చుకోవలసి వస్తుందన్న పాఠం మౌరా మనసులో గట్టిగా నాటుకుంది.

అక్కడి నుంచి పుట్టిందే అతని ప్రసిద్ధ నినాదం. పైనుంచి విప్లవం. 1901 ప్రాంతంలో పార్లమెంటులో అతను వాదించిన సారాంశం ఇది. స్పెయిన్‌లో మార్పు తప్పదు. ప్రభుత్వమే ధైర్యంగా, త్వరగా, లోతుగా మార్పు తేవాలి. లేకపోతే మార్పు కిందినుంచి వస్తుంది. అప్పుడు అది ఇల్లు కూల్చుకుంటూ వస్తుంది. ఊరి పెత్తందారీని వేళ్లతో సహా పెకలించాలి. మునిసిపాలిటీలకు, జిల్లాలకు నిజమైన అధికారం ఇవ్వాలి. ఓటరు భయం లేకుండా ఓటు వేయాలి. అప్పుడే రాజ్యం నిలుస్తుంది, రాజు నిలుస్తాడు.

ఇది సంప్రదాయవాది మాటేనా అని మీకు అనుమానం రావచ్చు. సంప్రదాయవాది మాటే. పాత ఇల్లు కాపాడుకోవాలనుకునేవాడే కదా చెద పట్టిన దూలం మార్చాలని పట్టుపట్టేది! 1901లో గమాసో చనిపోయాక మౌరా ఆ వర్గానికి నాయకుడై, 1902లో తన అనుచరులతో కన్సర్వేటివ్ పార్టీలో చేరాడు. ఆ డిసెంబరులో హోంమంత్రి అయ్యాడు. 1903 ఎన్నికల్లో, అంతకుముందు హోంమంత్రులు చేసినంత గారడీ చేయనన్నాడు. ఫలితంగా మాడ్రిడ్, బార్సిలోనా, వలెన్సియా వంటి నగరాల్లో రాజరికం వద్దనే రిపబ్లికన్లు గెలిచారు. రాజభవనం ముఖం చిట్లించింది. అయినా అదే ఏడాది డిసెంబరులో రాజు పదమూడవ అల్ఫోన్సో మౌరాను ప్రధానిగా పిలవక తప్పలేదు.

ఆ మొదటి ప్రభుత్వం ఏడాది నడిచింది. 1904లో కార్మికులకు ఆదివారం సెలవు చట్టం తెచ్చాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో బార్సిలోనాలో ఒక అరాచకవాద యువకుడు అతన్ని కత్తితో పొడిచాడు. గాయం తప్ప ప్రాణానికి ముప్పు రాలేదు. డిసెంబరులో సైన్యపు ప్రధాన సిబ్బందికి అధిపతిగా ఎవరుండాలన్న విషయంలో రాజుతో మాట తేడా వచ్చింది. మౌరా ఒక పేరు చెప్పాడు, రాజు మరొక పేరు చెప్పాడు. మౌరా రాజీనామా చేసి ఇంటికి వెళ్లిపోయాడు. అప్పుడు రాజుకు పద్దెనిమిదేళ్లు. ప్రధానికి యాభై ఒకటి.

1907 జనవరిలో మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి రెండేళ్ల తొమ్మిది నెలలు పాలించాడు. మంత్రివర్గాలు నెలల్లో కూలిపోయే ఆ కాలంలో దాన్ని దీర్ఘ ప్రభుత్వం అన్నారు. 1907లో కొత్త ఎన్నికల చట్టం. 1908లో కార్మికుల వృద్ధాప్య పింఛన్ల కోసం జాతీయ సంస్థ. నౌకాదళ పునర్నిర్మాణం. 1909లో సమ్మె హక్కు చట్టం. స్పెయిన్‌లో సామాజిక బీమా చరిత్ర రాసేవారు నేటికీ ఆ 1908 సంస్థను ప్రస్తావిస్తారు.

కాని చట్టం మీద అంత నమ్మకం ఉన్న మనిషికి చట్టమే ఎదురుతిరగడం ఇక్కడ చూస్తాం. 1907 ఎన్నికల చట్టంలో ఒక నిబంధన ఉంది. ఒక స్థానానికి ఒక్కరే అభ్యర్థి ఉంటే పోలింగు లేకుండా గెలిచినట్లే. చూడడానికి సబబైన నిబంధన. ఊరి పెత్తందారు ఏం చేశాడు? రెండో అభ్యర్థి నిలబడకుండా చూశాడు. 1910 ఎన్నికల్లో వంద మందికి పైగా సభ్యులు ఒక్క ఓటు పడకుండానే పార్లమెంటులో కూర్చున్నారు. ఇంకొక విచిత్రం ఉంది. పెత్తందారీని పెకలిస్తానన్న మౌరాకు హోంమంత్రి హువాన్ దె లా సియెర్వా. ఆయన ముర్సియా ప్రాంతానికి తానే పెద్ద పెత్తందారు! 1907 ఎన్నికలను ఆయన పాత పద్ధతిలోనే, ఇంకా గట్టిగా నడిపించాడు.

మౌరా ప్రాణం పెట్టుకున్నది స్థానిక పాలన బిల్లు మీద. మునిసిపాలిటీలకు స్వేచ్ఛ, జిల్లాలు కలిసి ఉమ్మడి మండలిగా ఏర్పడే వీలు అందులో ఉన్నాయి. 1907 ఎన్నికల్లో కటలోనియాలోని 44 స్థానాల్లో 41 గెలిచిన కటలాన్ కూటమి దీనికోసం ఎదురుచూసింది. ఆ కూటమి నాయకుల్లో ఒకడైన ఫ్రాన్సెస్క్ కాంబో కూడా న్యాయవాదే, అతనికీ ఇంటి భాష కటలానే. ఇద్దరూ పార్లమెంటులో కస్తిలియన్‌లో వాదించుకునేవారు, గౌరవించుకునేవారు. బిల్లు మీద చర్చ రెండేళ్లు సాగింది. సవరణ మీద సవరణ. చట్టం కాకముందే ఆ వేసవి వచ్చింది.

1909 జూలై. ఉత్తర ఆఫ్రికాలో మొరాకో తీరాన స్పెయిన్‌కు మెలిల్లా అనే స్థావరం ఉంది. దాని దగ్గర గనులకు రైలు మార్గం వేస్తున్నారు. జూలై 9న కొండజాతులవారు దాడి చేసి కొందరు కార్మికులను చంపారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపాలని నిర్ణయించింది. అందుకు రిజర్వు సైనికులను పిలిచింది. రిజర్వు సైనికులంటే ఎవరు? అంతకుముందే పని పూర్తిచేసి ఇంటికి వచ్చినవాళ్లు. పెళ్లాం బిడ్డలున్నవాళ్లు. మగ్గాల దగ్గర, రేవుల్లో కూలి చేసుకునేవాళ్లు. డబ్బున్నవాడు రుసుము కట్టి సైనిక సేవ తప్పించుకోవచ్చు. అదీ చట్టమే. పేదవాడి దగ్గర ఆ రుసుము ఎక్కడిది? బార్సిలోనా రేవులో ఓడ ఎక్కుతున్న సైనికులకు సంపన్న స్త్రీలు మతచిహ్నాల పతకాలు పంచబోతే వాళ్లు వాటిని సముద్రంలో విసిరేశారు. పదకొండేళ్ల కిందట క్యూబా వెళ్లి తిరిగిరాని వాళ్ల కుటుంబాలు ఆ రేవులోనే ఉన్నాయి.

పార్లమెంటు ఆ సమయంలో మూసి ఉంది. మౌరా దాన్ని తెరవలేదు. జూలై 26, సోమవారం, బార్సిలోనాలో సార్వత్రిక సమ్మె మొదలైంది. మౌరా అనుచరుడే అయిన అక్కడి గవర్నరు ఒస్సోరియో, సైనిక శాసనం పెట్టడం తగదని పదవి వదిలేశాడు. సైనిక శాసనం పెట్టారు. సమ్మె తిరుగుబాటుగా మారింది. వీధుల్లో అడ్డుగోడలు లేచాయి. జనం ఆగ్రహం మఠాల మీదికి మళ్లింది. ఎనభై దాకా చర్చిలు, కాన్వెంట్లు, మత పాఠశాలలు తగలబడ్డాయి. ఇది కటలాన్ వేర్పాటువాదుల తిరుగుబాటని హోంమంత్రి మిగతా దేశానికి చెప్పించాడు. అది అబద్ధం. కాని దానితో మిగతా కార్మికులు కదలలేదు. వారం తిరిగేసరికి నగరం అణగిపోయింది. పదుల సంఖ్యలో జనం చనిపోయారు. స్పెయిన్ చరిత్రలో ఆ వారానికి విషాద వారమని పేరు.

తరువాత సైనిక న్యాయస్థానాలు కూర్చున్నాయి. వందలాది మందిపై కేసులు నడిచాయి. ఐదుగురికి మరణశిక్ష అమలైంది. వాళ్లలో ఒకడు బుద్ధిమాంద్యం ఉన్న బొగ్గుల కుర్రవాడు. ఐదవవాడు ఫ్రాన్సిస్కో ఫెర్రేర్. ఈయన 1901లో బార్సిలోనాలో ఆధునిక పాఠశాల అనే బడి పెట్టాడు. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి చదివే బడి. మతబోధ లేని బడి. 1906లో రాజు పెళ్లి ఊరేగింపుపై బాంబు వేసినవాడు ఆ బడికి సంబంధించినవాడు కావడంతో ఫెర్రేర్‌ను అప్పుడే పట్టుకున్నారు. 1907లో నిర్దోషిగా వదిలారు. ఈసారి విషాద వారానికి సూత్రధారి అన్నారు. సాక్ష్యం బలహీనం. ఆ తిరుగుబాటును నడిపింది అతను కాదని ఈనాడు చరిత్రకారులు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అయినా 1909 అక్టోబరు 13న మొంజుయిక్ కోటలో కాల్చి చంపారు.

క్షమాభిక్షకు సిఫారసు చేసే అధికారం మౌరా మంత్రివర్గానికి ఉంది. ఐరోపా అంతా అడిగింది. మౌరా చేయలేదు. అతని వాదన న్యాయవాది వాదన. కోర్టు విచారించింది, తీర్పు చెప్పింది, ప్రభుత్వం న్యాయస్థానానికి అడ్డురాకూడదు. వినడానికి నిష్కళంకమైన వాదన. కాని ఆ కోర్టు సైనిక కోర్టు. ఆ తీర్పు వెనుక భయం ఉంది, పగ ఉంది. చట్టపు అక్షరం దగ్గర ఆగిపోయిన మౌరా, చట్టం వెనుక ఉన్న మనిషిని చూడలేదు. నేను బడిపంతులును కనుక ఈ మాట కొంచెం బరువుగా అంటున్నానని శ్రోతలు అనుకోవచ్చు. బడి నడిపినందుకు అనుమానితుడైన ఒక మనిషి చావు నన్ను కదిలిస్తుంది, దాచను. కాని మౌరాకు సన్నిహితులైన చరిత్రకారులు కూడా ఈ నిర్ణయాన్ని సమర్థించడానికి ఇబ్బంది పడతారు.

పారిస్, బ్రసెల్స్, రోమ్, లండన్ నగరాల్లో నిరసనలు లేచాయి. రెండేళ్లకు బ్రసెల్స్‌లో ఫెర్రేర్‌కు స్మారక విగ్రహం పెట్టారు. స్పెయిన్‌లో లిబరళ్లు, రిపబ్లికన్లు, సోషలిస్టులు ఒక్కటయ్యారు. వాళ్ల నినాదం రెండే మాటలు. మౌరా వద్దు! అక్టోబరు 21న మౌరా రాజభవనానికి వెళ్లి, సంప్రదాయం ప్రకారం రాజీనామా ప్రసక్తి తెచ్చాడు. రాజు తనను ఉండమంటాడని అతని నమ్మకం. రాజు వెంటనే ఒప్పేసుకున్నాడు. రాజరికాన్ని కాపాడడానికే పాటుపడిన మనిషిని రాజే గుమ్మం దాకా సాగనంపాడు. స్థానిక పాలన బిల్లు అతనితోపాటే అటకెక్కింది.

ఆ గాయం మానలేదు. 1910 జూలైలో బార్సిలోనా రైల్వే స్టేషన్‌లో అతనిపై కాల్పులు జరిగాయి. చేతికి, కాలికి గాయాలయ్యాయి. 1913లో రాజు మౌరాను కాదని అదే పార్టీలోని దాతోను ప్రధానిని చేశాడు. పార్టీ చీలింది. యువకులు కొందరు మౌరా కావాలి అని వీధికెక్కారు. వాళ్లను మౌరిస్టులన్నారు. మౌరా మాత్రం ఆ గుంపుకు నాయకత్వం వహించడానికి పెద్దగా ఉత్సాహం చూపలేదు. అదే 1913లో రాజ స్పానిష్ అకాడమీ అతన్ని అధ్యక్షుణ్ణి చేసింది. కస్తిలియన్ పలకలేడని నవ్వించుకున్న దీవి కుర్రవాడు, ఏ మాట కస్తిలియన్, ఏ మాట కాదు అని తేల్చే కుర్చీలో కూర్చున్నాడు.

తరువాత మూడుసార్లు, 1918లో, 1919లో, 1921లో, ఇల్లు అంటుకున్నప్పుడల్లా రాజు ఈ ముసలి న్యాయవాదిని పిలిచాడు. 1918 మంత్రివర్గంలో పార్టీల పెద్దలందరూ ఉన్నారు. కాంబో కూడా మంత్రి. ఆ వార్త విని మాడ్రిడ్ జనం రాత్రివేళ వీధుల్లో సంబరం చేసుకున్నారు. నవంబరుకల్లా అది కూలింది. 1921 జూలైలో మొరాకోలోని అన్వాల్ దగ్గర స్పెయిన్ సైనికులు వేలల్లో చనిపోయాక ఆగస్టులో ఐదవసారి పిలుపు వచ్చింది. 1922 మార్చికల్లా అదీ ముగిసింది.

1923 వేసవిలో పదమూడవ అల్ఫోన్సో, పార్లమెంటును పక్కన పెట్టి తానే నేరుగా పాలిస్తే ఎలా ఉంటుందని మౌరా సలహా అడిగాడు. మౌరా వద్దన్నాడు. సెప్టెంబరు 13న జనరల్ ప్రిమో దె రివేరా సైనిక తిరుగుబాటు చేశాడు. రాజు సరేనన్నాడు. పార్లమెంటుకు తాళం పడింది. సైన్యం నీడలో నిలిచిన సింహాసనం ఎక్కువకాలం నిలవదని మౌరా అభిప్రాయం. ఆ మాట నిజమవడం చూడడానికి అతను లేడు. 1925 డిసెంబరు 13న, మాడ్రిడ్ దగ్గర తొర్రెలొదొనెస్‌లో ఒక మిత్రుడి భవనంలో మెట్లు దిగుతూ కుప్పకూలి చనిపోయాడు. వయసు డెబ్బై రెండు. నీటిరంగుల చిత్రాలు వేయడం అతనికి జీవితాంతం ఇష్టమైన పని. రాజకీయాలు విసిగించినప్పుడు కుంచె పట్టేవాడు.

ఆరేళ్లలో, 1931 ఏప్రిల్‌లో, మునిసిపల్ ఎన్నికలు జరిగాయి. అవును, మునిసిపల్ ఎన్నికలే! పట్టణాల్లో రాజరికానికి ఓటమి. రాజు దేశం విడిచాడు. వెళుతూ ప్రజలకు ఇచ్చిన వీడ్కోలు ప్రకటనను రాసిపెట్టింది మౌరా పెద్దకొడుకు గాబ్రియేల్. అదే రోజున రిపబ్లిక్ ప్రభుత్వంలో హోంమంత్రిగా పగ్గాలు పట్టింది మరో కొడుకు మిగేల్. మూడో కొడుకు ఒనోరియో నాటకకర్త, రాజపక్షపాతి. 1936లో అంతర్యుద్ధం మొదలైన కొద్ది వారాల్లో అతన్ని కాల్చి చంపారు. మనుమడు హోర్హే సెంప్రున్ హిట్లర్ నిర్బంధ శిబిరం బూహెన్‌వాల్డ్ నుంచి బతికి బయటపడి, ఫ్రెంచ్, స్పానిష్ రెండు భాషల్లోనూ రచయితగా పేరు పొంది, 1988లో సోషలిస్టు ప్రభుత్వంలో సాంస్కృతిక మంత్రి అయ్యాడు. ఒక్క ఇంట్లో స్పెయిన్ అంతా ఉంది.

శ్రోతలారా, ఈ కథలో మనకేం పని అని అడగవచ్చు. ఒక పని ఉంది. సరిహద్దులో పెరిగిన పిల్లవాడు రాజధాని భాష నేర్చుకుంటే ఇంటిని మరిచిపోతాడని కొందరు భయపడతారు. మౌరా మరిచిపోలేదు. నలభై రెండేళ్లు తన ఊరికే నిలబడ్డాడు. క్యూబాకు, ఫిలిప్పీన్స్‌కు, కటలోనియాకు స్థానిక పాలన కావాలని వాదించాడంటే, దూరపు పాలన ఎలా ఉంటుందో ఒకప్పుడు తానే అనుభవించినందువల్లే. భాష నేర్వడం తప్పు కాదు. అతను పొరపడింది మరొక చోట. మంచి మార్పు పైనుంచే వస్తుందనుకున్నాడు. పైనున్నవాడు తెలివైనవాడు, నిజాయితీపరుడు అయితే చాలుననుకున్నాడు. తాను ఆ రెండూ అయ్యాడు. చాలలేదు. బార్సిలోనా రేవులో పతకాలు సముద్రంలో విసిరినవాళ్లకు చక్కని వాక్యాలు రావు. వాళ్ల మాటను వినడానికి పార్లమెంటు తలుపైనా తెరవవలసింది. ఒకప్పుడు తన మాటకు నవ్వినవాళ్ల మధ్య నిలబడిన మనిషి, ఆ పని చేయగలిగి ఉండేవాడు. చేయలేదు.

1978లో స్పెయిన్ కొత్త రాజ్యాంగం రాసుకుంది. మరుసటి ఏడాది ప్రతి ఊరికీ స్వేచ్ఛగా మునిసిపల్ ఎన్నికలు జరిగాయి. 1983 నుంచి మయోర్కా ఉన్న బలియారిక్ దీవులకు సొంత శాసనసభ ఉంది. అక్కడ కటలాన్, కస్తిలియన్ రెండూ అధికార భాషలే. పాల్మాలో ఇవాళ బడికి వెళ్లే పిల్లవాడు రెండు భాషల్లోనూ చదువుతాడు. పైనుంచి రావాలని మౌరా ఆశించిన మార్పు, డెబ్బై ఏళ్లు ఆలస్యంగా, జనం ఓటుతో వచ్చింది.

రేపు మీ ఊరి బడిలో ఏ పసివాడైనా ఒక భాష మాటను మరో భాష గొంతుతో పలికితే, నవ్వు వచ్చినా ఒక్క క్షణం ఆగండి. వాడు ఏం చెప్పదలిచాడో ముందు వినండి. మాట దిద్దడానికి తరువాత కావలసినంత సమయం ఉంటుంది.